రెండు బీడీల మెసేజ్: మా యూనియన్ ప్రచార సలహా కమిటీ డైరీ

మా యూనియన్‌లో ప్రచారం పని నాది. నిజామాబాద్, కామారెడ్డి జిల్లాల్లో ఇంటి దగ్గర బీడీలు చేసే ఆడవాళ్లే మా సభ్యుల్లో ఎక్కువ. కార్ఖానాల్లో ప్యాకింగ్ చేసే మగవాళ్లు కొందరున్నారు. కరపత్రం రాయాలన్నా, ఫ్లెక్సీ కొట్టించాలన్నా, ధర్నాకు ముందు మైకు ఆటోలో తిప్పే మాటలు రికార్డు చేయాలన్నా, వాట్సాప్ గ్రూపులు చూసుకోవాలన్నా నా దగ్గరికే వస్తుంది. 2025 వేసవిలో జరిగిన మహాసభలో ఒక అక్క లేచి, "మీరు ఏసే కాయితాలు మా కోసమా, ఆఫీసర్ల కోసమా?" అని అడిగింది. స్టేజీ మీద ఎవరికీ జవాబు దొరకలేదు. సాయంత్రానికి తీర్మానమైంది: యూనియన్ బయటికి చెప్పే మాటల మీద సలహా ఇవ్వడానికి సభ్యులతోనే ఒక కమిటీ వేయాలి, అందులో నాయకులు ఉండకూడదు. సమావేశాలు పిలవడం, చెప్పింది రాసుకోవడం, రాసుకున్నది చేసి చూపడం నా వంతు. అది ఎలా నడిచిందో నెలవారీగా ఇక్కడ పెడుతున్నాను. వేరే యూనియన్ల వాళ్లకు పనికొస్తే మంచిదే.

జూన్: ఎవరిని పిలవాలి

గ్రామ కమిటీలను పేర్లు పంపమంటే దాదాపు అందరూ తమ అధ్యక్షురాలి పేరే పంపారు. వాళ్లు ధర్నాల్లో ముందుండేవాళ్లు, మైకు ఇస్తే వదలనివాళ్లు. మా కరపత్రాల భాష వాళ్లకు అలవాటైపోయింది. నాకు కావాల్సింది ఆ భాష అలవాటు లేనివాళ్లు. అందుకని పేర్లు వెనక్కి పంపి షరతులు పెట్టాం. ఇప్పటికీ చాట ఒళ్లో పెట్టుకుని పని చేస్తుండాలి. యూనియన్‌లో ఏ పదవీ ఉండకూడదు. మీటింగులకు ఎప్పుడో గానీ రాని మనిషైతే మరీ మంచిది.

చివరికి పదకొండు మంది తేలారు. ఆర్మూర్, భీమ్‌గల్, డిచ్‌పల్లి, కామారెడ్డి, దోమకొండ వైపు నుంచి ఏడుగురు. బోధన్ నుంచి ఉర్దూ మాట్లాడే ఇద్దరు. నిజామాబాద్ టౌన్ నుంచి ఒక ప్యాకింగ్ అన్న. పని మానేసి పీఎఫ్ పెన్షన్ మీద ఉన్న ఒక అవ్వ. షరతుల ప్రకారం అవ్వ రాకూడదు. వచ్చింది, కూర్చుంది, ఎవరికీ పొమ్మనే ధైర్యం లేకపోయింది. వీళ్ల పేర్లు మాత్రం ఇక్కడ రాయను. కంపెనీ తరఫున బీడీ ఆకు తూచి ఇచ్చే మధ్యవర్తి టేకేదారు. కమిటీలో ఎవరేమన్నారో అతనికి తెలిస్తే ఆ వారం తూకంలోనే తేడా కనిపిస్తుంది.

మొదటి గొడవ డబ్బు మీద. బీడీ కూలి వెయ్యికి ఇంత అని లెక్క. చేస్తేనే వస్తుంది, కూర్చుంటే రాదు. నెలకు ఒక పూట మీటింగంటే ఆ పూట కూలి పోయినట్టే. అసలే చాలా కంపెనీలు నెలలో సగం రోజులు కూడా పని ఇవ్వడం లేదు. వచ్చేవాళ్లకు వెయ్యి బీడీల కూలి యూనియనే ఇవ్వాలని నేను ప్రతిపాదిస్తే, మా కోశాధికారి "ఇది సేవ కదా, కూలి ఏంది?" అన్నాడు. అవ్వ అందుకుంది. "నీ బండి పెట్రోలు గూడ సేవేనా బిడ్డా?" తీర్మానం అప్పటికప్పుడు పాసైంది. బస్సు చార్జీల లెక్క మాత్రం సులువుగా తేలింది. 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకు టికెట్టు లేదు కాబట్టి మేము ఇవ్వాల్సింది ప్యాకింగ్ అన్న ఒక్కడికే.

రెండో గొడవ అధికారం మీద. సలహా అంటే వినొచ్చు, వినకపోవచ్చు. అలాంటప్పుడు ఇంత దూరం ఎందుకు రావాలని ఆర్మూర్ అక్క ముఖం మీదే అడిగింది. చాలా బేరం తర్వాత ఒక పద్ధతి కుదిరింది. కూలి, ఆకు, పీఎఫ్, పెన్షన్, ఈ నాలుగింటి మీద ఏ మాటైనా కమిటీలో కనీసం ముగ్గురు వినకుండా బయటికి పోకూడదు. మిగతా వాటిలో కార్యవర్గం సలహాను పక్కన పెట్టొచ్చు. కానీ ఎందుకు పెట్టిందో తర్వాతి సమావేశానికి మనిషి వచ్చి చెప్పాలి, చీటీ పంపితే కుదరదు. మా జిల్లా కార్యదర్శికి ఇది మింగుడు పడలేదు. "అర్జెంటు అయితే ఏం చేస్తరు?" అన్నాడు. అర్జెంటు అయితే ఇద్దరికి ఫోన్‌లో వినిపించి పంపొచ్చని ఒక దారి వదిలాం. నవంబర్‌లో దాని అవసరం పడింది.

జూన్ ఆఖరు: కరపత్రానికి పరీక్ష

ఇది కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మిగతాదంతా దీని మీదే నడిచింది.

కూలి ఒప్పందం గురించి మేము వేసిన పాత కరపత్రం ఒకటి తీసుకున్నాం. ఏ4 కాగితం, రెండు వైపులా నిండా అక్షరాలు. 'యాజమాన్యాల మొండి వైఖరి', 'చట్టబద్ధ సౌకర్యాల అమలు', 'సామాజిక భద్రత' లాంటి మాటలు. కింద పన్నెండు డిమాండ్లు. రాసింది నేనే కాబట్టి అప్పట్లో నాకు బాగానే అనిపించింది. కమిటీ వాళ్లను చాటలు తెచ్చుకోమన్నాను. పని ఆపకుండా వినండి, నేను చదువుతాను అన్నాను.

కరపత్రం ఇంటికి చేరేసరికి వాళ్లు ఉండేది అలాగే కదా. తడి గుడ్డలోంచి ఆకు తీయడం, అచ్చు పెట్టి కత్తెరతో ముక్క కోయడం, చిటికెడు తంబాకు పరిచి చుట్టడం, దారం కట్టడం, మూతి మడిచి చాటలో పడేయడం. కళ్లకు, చేతులకు తీరికుండదు, చెవులకే ఉంటుంది. నేను చదువుతూ వాళ్ల చేతులు చూశాను. మొదటి పేజీ అయిపోయింది, ఒక్క చెయ్యి ఆగలేదు. మొండి వైఖరి దగ్గర ఆగలేదు, సామాజిక భద్రత దగ్గర ఆగలేదు. వెనక పేజీలో తొమ్మిదో డిమాండు 'నాణ్యమైన ఆకు సరఫరా చేయాలి' అనగానే దోమకొండ అక్క చేతిలో దారం ఆగింది.

"ఆకు ముచ్చట తొమ్మిదో నంబరు కాడనా?" అంది. అక్కడి నుంచి మీటింగు నా చేతిలో లేదు.

తెలియని వాళ్ల కోసం: టేకేదారు వెయ్యి బీడీలకని ఆకు, తంబాకు తూచి ఇస్తాడు. ఆకులో పురుగు తిన్నది, చిరిగింది, ముదిరింది పోగా మిగిలినదాంట్లో వెయ్యి రావు. తక్కువ పడ్డ ఆకు ఈమె సొంత పైసలతో కొనుక్కొచ్చి వెయ్యి నింపాలి. నింపి తీసుకుపోతే అక్కడ కొన్నింటిని బాగాలేవని పక్కన పడేస్తారు, వాటికి కూలి రాదు. పెరిగిన కూలి ఎంతో పేపర్లో వస్తుంది. ఆకులో పోయింది ఎంతో ఎక్కడా రాదు. మా కరపత్రంలో కూలికి మొదటి పేజీ మొత్తం ఇచ్చి, ఆకును తొమ్మిదో నంబరులో పెట్టింది కూలి మీద చర్చలు నడిపే నాయకుల కోసమే. వాళ్లు కూర్చునే బల్ల మీద వరస అదే.

డిచ్‌పల్లి అక్క ఇంకో లెక్క చెప్పింది. "నువ్వు మొదటి పేజీ సదివేసరికి నాకు ఏడు బీడీలైనయ్. గంత సేపు ఎవలింటరు? రెండు బీడీలల్ల చెప్పు." చెయ్యి తిరిగినవాళ్లు పది గంటలు కూర్చుంటే వెయ్యి చేస్తారు. అంటే రెండు బీడీలకు నిమిషం పైన ఓ పది సెకన్లు. ఆ రోజు నుంచి మా దగ్గర నిడివికి కొలత అదే. ఇప్పుడు కార్యదర్శి కూడా "ఇది ఎన్ని బీడీలైంది?" అనే అడుగుతున్నాడు.

జూలై: ఫోన్ ఎవరిది?

రెండు బీడీల్లో చెప్పాలంటే కాగితం దండగ, గొంతే మేలు అని అందరూ అన్నారు. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడదామంటే, ఫోన్ ఎవరి దగ్గర ఉంటుందని బోధన్ ఆపా అడిగింది. చేతులెత్తమంటే సొంత స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లు సగం మంది కూడా లేరు. ఫోన్ కొడుకు దగ్గరుంటుంది, సాయంత్రం ఇంటికొస్తుంది. మేము పొద్దున పదింటికి పెట్టే పోస్టులు రాత్రి వంటయ్యాక, అదీ కొడుక్కి బుద్ధి పుడితే వినిపిస్తాయి. పైగా పిల్లలకు సిగ్గు, అమ్మ యూనియన్ మెసేజ్ గట్టిగా పెట్టి వినిపించరు. అందుకే మెసేజ్ పెట్టే టైము రాత్రి ఎనిమిదికి మార్చాం. పగలు వినాల్సినదైతే, బీడీలు అప్పజెప్పడానికి టేకేదారు ఇంటి ముందు లైనులో కూర్చునే వేళకు ఊరికి ఒక్కరి ఫోన్‌లో మోగితే చాలని తేల్చుకున్నాం. అక్కడైతే ఒకే ఫోన్‌ను ముప్పై మంది వింటారు. మా గోడ పోస్టరు అక్కడ అంటిస్తే టేకేదారు చింపేసేవాడు, ఫోన్‌ను ఏం చేస్తాడు?

మొదటి మెసేజ్‌కు స్కాలర్‌షిప్పుల సంగతి ఎంచుకున్నారు. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఇచ్చేది తరగతిని బట్టి ఏడాదికి 1,000 రూపాయల నుంచి 25,000 దాకా ఉంటుంది. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి, బీడీ కార్మికురాలి గుర్తింపు కార్డు ఉండాలి. ఇది మేము ఏటా చెప్తూనే ఉన్నాం. ఏటా ఆఖరి తేదీ దాటాక ఆఫీసుకు వచ్చి ఏడ్చేవాళ్లూ ఉన్నారు.

నేను చదివి రికార్డు చేసి వినిపిస్తే, "నీ మాట వార్తల లెక్క ఉన్నది, మాకు చెప్పినట్టు లేదు" అన్నారు. అందుకని నా బదులు భీమ్‌గల్ అక్క చెప్పింది. కాగితం చూడలేదు. "అక్కా, నీ బిడ్డ బడికి పోతుందా? కార్డున్నదా? అయితే ఇను" అని మొదలుపెట్టింది. వెనక ఎవరో కత్తెర ఆడిస్తున్న చప్పుడు పడింది. దాన్ని తీసేసి శుభ్రం చేద్దామనుకున్నాను, ఉండనీ అన్నారు. ఆ చప్పుడు వింటే ఇది మనోళ్లదే అని తెలుస్తుందట. ఉర్దూలో ఆపా వేరే చెప్పింది. తెలుగుది విని మార్చి చెప్పమంటే ఒప్పుకోలేదు. బోధన్‌లో కార్డు ఎక్కడ చేయించుకోవాలో, ఏ రోజు పోవాలో తన దారిలో తనే చెప్పింది. అది తెలుగు దానికంటే బాగా వచ్చింది.

ఒక తమాషా. ఆ మెసేజ్ పెట్టిన రాత్రే మా నంబరుకు దుబాయ్ నుంచి ఫోన్. "మా ఇంటామెకు కార్డున్నదా లేదా నాకెట్ల తెల్వాలె సార్?" అని. మా జిల్లాల్లో గల్ఫ్‌కు పోయినవాళ్లు లేని ఊరు లేదు. ఇంటి గ్రూపులో మెసేజ్ ముందు విన్నది అక్కడున్న మొగుళ్లే, వాళ్లు ఇంటికి ఫోన్ చేసి చెప్పారు. మా ప్రచారం నిజామాబాద్ నుంచి భీమ్‌గల్‌కు దుబాయ్ మీదుగా పోయిందన్నమాట. కమిటీలో చెప్తే నవ్వి, "ఇగ వాళ్లకే పెట్టుండ్రి, వాళ్ల మాటైతే కొడుకులింటరు" అన్నారు.

ఆగస్టు: ఫొటోలు, ప్రశ్నలు, వానలు

ఫ్లెక్సీ మీద ఫొటోల సంగతి వస్తుందని తెలుసు. ఇంత తొందరగా వస్తుందనుకోలేదు. మా ఫ్లెక్సీల్లో పై వరసలో రాష్ట్ర నాయకులు, మధ్యలో జిల్లా వాళ్లు, కింద మండలం వాళ్లు. డిమాండుకు మిగిలేది జానెడు జాగా. దోమకొండ అక్క కర్ర పట్టి ఒక్కో ముఖం చూపిస్తూ "ఈయన బీడీలు చేస్తడా? ఈయన?" అని అడుగుతూ పోయింది. ఫొటోలు తీసేయాలని కమిటీ సలహా ఇచ్చింది. కార్యవర్గం వినలేదు. నియమం ప్రకారం కార్యదర్శి స్వయంగా వచ్చి కారణం చెప్పాడు. ముఖాలు లేకపోతే మండలం వాళ్లు ఫ్లెక్సీకి డబ్బులివ్వరు అన్నాడు. మనిషి నిజం చెప్పాడని అందరికీ నచ్చింది. చివరికి ఫొటోలు ఒకే వరసకు, అదీ కిందికి దిగాయి. పైన జాగాలో పెద్దక్షరాలతో డిమాండు ఒక్కటే. నా లెక్కలో ఇది సగం గెలుపు, డిజైన్ వరకు అయితే పూర్తి గెలుపు.

వాట్సాప్ గ్రూపుల్లో అప్పటిదాకా అడ్మిన్లు మాత్రమే రాయగలిగేవాళ్లు. తెరవమన్నారు, తెరిచాం. మూడు రోజుల్లో గులాబీ పువ్వులు, శుభోదయాలు, ఎవరిదో ప్లాటు అమ్మకం వచ్చి పడ్డాయి. కమిటీయే మళ్లీ మూయమంది. దానికి బదులు ఒక వేరే నంబరు పెట్టాం. ఎవరైనా గొంతుతో ప్రశ్న పంపొచ్చు, వారంలోగా జవాబు పోవాలి. ప్రశ్నలన్నీ ఒక పొడుగు నోటుబుక్కులో రాస్తున్నాను. కంప్యూటర్‌లో పెట్టుకోవచ్చు గానీ, కమిటీ వాళ్లు పేజీలు తిప్పి చూసుకునేది ఇదొక్కటే.

ఆ పుస్తకం చూస్తే యూనియన్ ఏం మాట్లాడాలో వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. సమ్మె గురించి, మహాసభ గురించి దాదాపు ఏమీ లేదు. పేజీల నిండా రెండే ఉన్నాయి. ఒకటి, పీఎఫ్‌లో పేరు ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉండటం. పెళ్లికి ముందు తండ్రి ఇంటి పేరుతో చేరినవాళ్లు, కంపెనీ గుమస్తా చెవికి ఎలా వినపడితే అలా రాసుకున్నవాళ్లు, పుట్టిన సంవత్సరం అడిగితే ఏదో ఒకటి చెప్పినవాళ్లు. ఇప్పుడు డబ్బు తీసుకోవాలంటే అన్నీ ఒకటవ్వాలి. రెండోది రాష్ట్ర ప్రభుత్వం బీడీ కార్మికులకు ఇచ్చే 2,016 రూపాయల పెన్షన్. 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్‌లో ఉన్నవాళ్లకే అన్న కటాఫ్ వల్ల, ఒకే అరుగు మీద కూర్చుని ఒకే పని చేసే అత్తకు వస్తుంది, కోడలికి రాదు. "ఎందుకు రాదు?" అన్న ప్రశ్న ఎన్ని గొంతుల్లో విన్నానో. కటాఫ్ ఎత్తేయాలని మేము ఏళ్లుగా అడుగుతున్నాం. కానీ కటాఫ్ అంటే ఏమిటో, తనకు ఎందుకు వర్తిస్తుందో ఒక్క సభ్యురాలికి కూర్చోబెట్టి చెప్పిన కరపత్రం మా బీరువాలో లేదు. ఆగస్టు రెండో మెసేజ్ అదే.

నెలాఖరులో 27, 28 తేదీల్లో కామారెడ్డి మునిగింది. మా వాళ్ల ఇళ్లలో నీళ్లొచ్చి ఆకు, తంబాకు, చేసిపెట్టిన బీడీలు నానిపోయాయి. మూడో రోజుకే 'తడిసిన ప్రతి వెయ్యికీ నష్టపరిహారం, పేర్లు ఇవ్వండి' అని ఎవరో రాసిన మెసేజ్ తిరిగింది. మా గ్రూపుల్లోకీ ఫార్వర్డ్ అయింది. కామారెడ్డి అక్క ఫోన్ చేసి, "అది మనది కాదని ఇప్పుడే చెప్పు, మంది లైన్లు కడుతున్నరు" అంది. ఆమె గొంతుతోనే ఖండన పెట్టాం. తడిసిన సరుకు విలువ కార్మికుల మీద వేయొద్దని కంపెనీలకు వినతిపత్రం ఇచ్చాక, ఇచ్చిన సంగతి మాత్రమే చెప్పాం. వస్తుందని చెప్పలేదు.

సెప్టెంబర్: జీఎస్టీ గెలుపు ఎవరిది?

3వ తేదీ రాత్రి జీఎస్టీ కౌన్సిల్ రేట్లు ప్రకటించింది. బీడీల మీద 28 శాతం నుంచి 18కి, బీడీ చుట్టే తునికాకు మీద 18 నుంచి 5కి. పొగాకు సరుకులకు కొత్త రేటు ఎప్పటి నుంచో తర్వాత చెప్తామన్నారు. పొద్దున్నే ఆఫీసు నుంచి నాకు మ్యాటర్ వచ్చింది: 'బీడీ కార్మికుల పోరాట విజయం!' స్వీట్లు పంచే ఫొటో కూడా పెట్టమన్నారు. పన్ను తగ్గించాలని మేము అడిగిన మాట నిజమే. పరిశ్రమ నిలవాలంటే తగ్గాలి అనేది మా పాత వాదన.

కమిటీలో ముగ్గురికి వినిపించాను. ఆర్మూర్ అక్క ఒకటే అడిగింది. "మా కూలి పెరుగుతదా?" పెరగదు. "మరి మిఠాయి ఎవలు తినాలె?"

ప్యాకింగ్ అన్న అంతవరకు ఎక్కువ మాట్లాడినవాడు కాదు. ఆ రోజు ఒక మంచి మాట గుర్తు చేశాడు. 1976 చట్టంతో బీడీల మీద సెస్సు ఉండేది, ఆ డబ్బు కార్మికుల సంక్షేమ నిధికి పోయేది. దవాఖానలు, ఇళ్లకు సాయం, పిల్లల స్కాలర్‌షిప్పులు దాంతోనే నడిచేవి. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు ఆ సెస్సు ఎత్తేశారు. "అప్పుడు గూడ పన్ను మారింది అన్నరు. మాకు మారింది ఏంది?" అన్నాడు. బీడీల పన్ను తగ్గడం చెడ్డదని ఎవరూ అనలేదు. అది మన గెలుపని సంతకం పెట్టొద్దన్నారు, అంతే.

విజయం మ్యాటర్ పక్కకు పోయింది. దాని బదులు పోయిన మెసేజ్ మొత్తం ఇది: "ఆకు మీద పన్ను తగ్గింది. నీకు ఇచ్చే ఆకు పెరిగిందా? ఈ వారం నీకు ఎంత తూచి ఇచ్చిండ్రు, అందుల ఎన్ని బీడీలైనయ్, ఎంత ఆకు కొనుక్కున్నవ్? చెప్పి పంపు." బీడీన్నరలో అయిపోయింది. తర్వాత రెండు వారాలు ఫోన్ నిండా గొంతులే. తూకాలు, ఊళ్లు, కంపెనీలు, తేదీలు. ప్రచారం కోసం పెట్టిన నంబరు లెక్కల పుస్తకమైంది. కూలి చర్చలకు పోయేటప్పుడు కార్యదర్శి ఆ కాగితాలు అడిగి తీసుకుపోయాడు. ఆకు సంగతి తొమ్మిదో నంబరు నుంచి మొదటికి వచ్చింది అప్పుడే. ఫొటోల గొడవ తర్వాత నా మీద ఉన్న ముభావం కూడా కొంత తగ్గింది.

అక్టోబర్

దసరా, దీపావళి. కమిటీ లేదు. పండుగ ముందు పని ఎక్కువ ఇస్తారు, ఎవరూ రారు. వచ్చే ఏడాది క్యాలెండర్‌లో ఈ నెల ఖాళీ వదిలేయాలి.

నవంబర్: పోయిన చట్టం

21వ తేదీన కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయని ప్రకటించింది. 29 చట్టాల స్థానంలో నాలుగు. 26న నిరసనలకు కేంద్ర కార్మిక సంఘాలు పిలుపిచ్చాయి. పై నుంచి నాలుగు పేజీల మ్యాటర్ వచ్చింది. అర్జెంటు దారి మొదటిసారి వాడాం. రాత్రి తొమ్మిదింటికి అవ్వకు, డిచ్‌పల్లి అక్కకు ఫోన్‌లో కలిపి చదివాను.

బీడీ, సిగార్ కార్మికుల పని షరతుల చట్టం, 1966 రద్దయింది అన్న వాక్యం దగ్గర అవ్వ ఆపింది. "మాకు ఒక చట్టం ఉన్నదనే తెల్వదు. పోయిందంటే ఏమనుకోవాలె?"

నలభై ఏళ్లు బీడీలు చేసిన మనిషి అడిగిన ప్రశ్న. 26కు నాలుగు రోజులుంది. కార్యదర్శి వద్దన్నా ముందు చట్టం గురించి ఒక మెసేజ్, కోడ్‌ల గురించి ఇంకోటి, నిరసన గురించి మూడోది, మొత్తం మూడు చేశాం. మొదటిదాంట్లో చెప్పింది ఇది. కార్ఖానాకు పోకుండా ఇంట్లో చేసేవాళ్లు కూడా కార్మికులే అని ఆ చట్టం రాసింది. ఆకు, తంబాకు ఇవ్వడం మీద, బీడీలు బాగాలేవని తీసేయడం మీద, తీసేసినవాటి కూలి మీద గొడవ వస్తే అధికారి దగ్గర తేల్చుకోవచ్చని దాని 39వ సెక్షన్‌లో ఉంది. రెండోదాంట్లో, ఆ చట్టం ఇప్పుడు వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో కలిసిందని, అందులో బీడీ కార్మికులకు ఒక భాగం ఉన్నా ఆకు, తీసివేతల గొడవలకు పాత చట్టంలో ఉన్నట్టే విడిగా, పేరు పెట్టి దారి ఉండాలన్నది మన డిమాండు అని చెప్పాం. 'కార్పొరేట్ అనుకూల' లాంటి మాట ఒక్కటీ లేదు. అవి తప్పని కాదు, రెండు బీడీల్లో పట్టవు.

కార్యదర్శి ఈసారి నిజంగానే కోపం చేసుకున్నాడు. నిరసనకు నాలుగు రోజుల ముందు చరిత్ర పాఠమా అని. 26న కలెక్టరేట్ దగ్గర మైకు పట్టుకున్న ఒక అమ్మాయి, కమిటీకి సంబంధం లేని మనిషి, "ముప్పై తొమ్మిది మాకు కావాలె" అని నినాదం అందుకుంది. వెనకున్నవాళ్లకు అర్థమైంది, పోలీసులకు కాలేదు. కార్యదర్శి నా వైపు చూసి ఏమీ అనలేదు. జనం పోయిన ఏడాది కంటే ఎక్కువ వచ్చారా అంటే రాలేదు. ఆ రోజు పని ఇచ్చిన కంపెనీలు ఎక్కువ. పని దొరికిన రోజు వదులుకుని రమ్మనడం ఎంత కష్టమో కమిటీలో మొదట్నుంచీ చెప్తూనే ఉన్నారు.

డిసెంబర్

పంచాయతీ ఎన్నికలు మూడు విడతల్లో అయ్యాయి. ఎన్నికల కోడ్ ఉంది కాబట్టి ఫ్లెక్సీలు లేవు. కమిటీలో ఒక అక్క వార్డు మెంబరుగా గెలిచింది. పదవి ఉన్నవాళ్లు ఉండకూడదన్న షరతు యూనియన్ పదవికేనా, ఊరి పదవికి కూడానా అని తెగలేదు. ఆమె మిఠాయి మాత్రం తిన్నాం.

జనవరి 2026: పుర్రె గుర్తు, టేకేదారు

అందరూ తప్పించుకు తిరిగే విషయం ఒకటి ఈ నెల బల్ల మీదికి వచ్చింది. 2016 ఏప్రిల్ నుంచి బీడీ కట్టల మీద 85 శాతం జాగాలో బొమ్మ హెచ్చరిక తప్పనిసరి అయింది. అప్పట్లో కంపెనీలు పని ఆపితే, 'పుర్రె గుర్తు రద్దు చేయాలి' అని మేమూ రోడ్డెక్కాం. ఆ కరపత్రాలు ఇప్పటికీ ఉన్నాయి. పాత డిమాండ్ల జాబితా సరిచూస్తుంటే అది ఉంచాలా తీయాలా అన్న ప్రశ్న వచ్చింది. పని పోతే తినేదేముంది అని ఇద్దరన్నారు. బోధన్ ఆపా మెల్లగా తన దగ్గు సంగతి చెప్పింది. పొద్దంతా తంబాకు దుమ్ము మీద వంగి కూర్చునేవాళ్లకు దగ్గు, నడుము నొప్పి, చూపు తగ్గడం కొత్త కాదు. తాగేవాళ్ల ఊపిరితిత్తుల గురించి బొమ్మ ఉంది, చేసేవాళ్ల గురించి మన కరపత్రంలో ఒక ముక్కైనా ఉందా అని అడిగింది. లేదు. ఆ డిమాండు పెట్టినప్పుడు మనం మాట్లాడింది కంపెనీల మాటే అని ప్యాకింగ్ అన్న అన్నాడు. నాకూ అలాగే అనిపిస్తుంది, అయితే అది చెప్పాల్సింది నేను కాదు.

కమిటీ సలహా ఇలా రాసుకున్నాను: పుర్రె గుర్తు రద్దు మాట ఇక ఎత్తొద్దు. బీడీ తగ్గే రోజు వస్తే ముందే వేరే పని చూపించాలని, చేసేవాళ్లకు ఏటా దవాఖాన పరీక్షలు చేయించాలని అడగాలి. కార్యవర్గం ఇంకా ఏమీ తేల్చలేదు. రాష్ట్ర కమిటీని అడగాలంటున్నారు. అడగనీ.

టేకేదార్లను కమిటీలోకి తీసుకోవాలా అన్నది ఇంకో చిక్కు. వాళ్లూ కంపెనీ దగ్గర కమీషన్ మీద బతికేవాళ్లే, వాళ్లకూ పీఎఫ్ గొడవలున్నాయి, ఒకరిద్దరు మమ్మల్ని అడిగారు కూడా. ఆర్మూర్ అక్క వద్దంది. ఆకు తూచే చెయ్యి పక్కన కూర్చుంటే ఎవరు నోరు తెరుస్తారు? కామారెడ్డి అక్క మాత్రం, వానలప్పుడు సరుకు కాపాడింది తమ టేకేదారే అంది. ఫిబ్రవరి సమావేశంలో చేతులెత్తి తేలుస్తారు.

ఈలోగా నా పనులు: ఏప్రిల్ కరువు భత్యం సర్క్యులర్ రాకముందే దాని లెక్క రెండు బీడీల్లో ఎలా చెప్పాలో భీమ్‌గల్ అక్కతో కూర్చోవాలి. జుక్కల్, మద్నూర్ వైపు మరాఠీలో చెప్పగల మనిషిని వెతకాలి. ప్రశ్నల పుస్తకం నిండింది, కొత్తది కొనాలి, ఈసారి కాస్త మందపాటిది. కోశాధికారికి కమిటీ కూలి బిల్లు పంపాను, సంతకం పెట్టాడు, ఏమీ అడగలేదు.